ట్రాక్ మెషిన్ ఆపరేటర్ అనే పోస్టే లేదు... మరి ఆ పసుపు బండి నడిపేదెవరు, వాళ్ళ జీతమెంత?

పొందూరు, సిగడాం వైపు రైల్వే గేట్ల దగ్గర ఆగినవాళ్ళు ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు, రైలూ కాదు లారీ కాదు అన్నట్టుండే పొడవాటి పసుపు బండి, ఇనప కాళ్ళతో కంకరని పొడుచుకుంటూ మెల్లగా పోతూ ఉంటుంది. అదే ట్రాక్ మెషిన్. గ్రూప్ డి నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళ మధ్య దాని మీద ఒకటే చర్చ. ఆ బండి ఆపరేటర్ ఉద్యోగానికి ఏం చదవాలి, లక్ష జీతం అంటున్నారు నిజమేనా, ఐటీఐ సరిపోతుందా అని. ఒకరు 30 వేలంటారు, ఇంకొకరు 80 వేలంటారు. తమాషా ఏంటంటే ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు.

క్లుప్తంగా

ఇండియన్ రైల్వేలో ఆపరేటర్ పేరుతో వేరే పోస్టు లేదు. ఒకే మెషిన్ మీద అసిస్టెంట్, టెక్నీషియన్, జేఈ (జూనియర్ ఇంజనీర్), ఎస్ఎస్ఈ (సీనియర్ సెక్షన్ ఇంజనీర్) నలుగురూ ఉంటారు, బేసిక్ 18,000 నుంచి 44,900 దాకా మారుతుంది. ఎవరు లివర్ పట్టుకున్నారన్నదాని కంటే ఎవరు ఏ పరీక్ష రాసి లోపలికొచ్చారన్నదే జీతాన్ని తేలుస్తుంది. క్యాంపుల్లో తిరిగినందుకు వచ్చే టీఏ (ప్రయాణ భత్యం) కలిపితే అంకె బాగా పెరుగుతుంది, అది కలిపి చెప్పేవాళ్ళ వల్లే లక్ష మాట పుట్టింది. మెషిన్లు పెరుగుతున్నాయి గాని పోస్టులు మాత్రం పట్టాలు చూసే గ్యాంగు (ట్రాక్ మెయింటెయినర్) పోస్టులతో పోలిస్తే చాలా తక్కువ.

కన్ఫ్యూజన్ ఎక్కడ మొదలైంది

మన వైపు ఆపరేటర్ అనగానే గుర్తొచ్చేది పొక్లెయిన్ ఆపరేటర్, జేసీబీ ఆపరేటర్. అక్కడ లెక్క సింపుల్, ఓనర్ దగ్గర హెల్పర్‌గా చేరతారు, ఒకటి రెండేళ్ళు గ్రీజు కొట్టి డీజిల్ పోసి నేర్చుకుంటారు, చెయ్యి తిరిగాక లివర్ పడతారు, ఆ రోజు నుంచి జీతం బత్తా రెండూ మారిపోతాయి. పనితనం చూసి రేటు. ఇంకో ఓనర్ ఎక్కువిస్తే బండి మారతారు. రైల్వేలో కూడా అలాగే ఉంటుందనుకుని చాలామంది లెక్కలేసుకుంటారు, అక్కడే తేడా కొడుతుంది.

రెండోది, ఇంటర్నెట్‌లో వెతికితే ముందు తగిలేవి అమెరికా అంకెలు. అక్కడి లేబర్ డిపార్ట్‌మెంట్ లెక్కల్లో రైలు పట్టాలు వేసే, మెయింటెయిన్ చేసే మెషిన్ల ఆపరేటర్లకి ప్రత్యేకంగా ఒక కోడ్ ఉంది, జీతం గంటల లెక్కన చూపిస్తారు, ఓటీ వేరే. ఆ డాలర్లని రూపాయల్లోకి మార్చి థంబ్‌నెయిల్ పెట్టే యూట్యూబ్ వీడియోలకి కొదవ లేదు. ఇక్కడ ఉద్యోగానికి ఆ అంకెతో ఏ సంబంధం లేదు, ఎందుకంటే ఇక్కడ జీతం మెషిన్‌ని బట్టి రాదు, పే మ్యాట్రిక్స్ అనే జీతాల పట్టికలో లెవెల్‌ని బట్టి వస్తుంది.

బ్లాక్ దొరికిన రెండు గంటలు

జీతం సంగతికి ముందు పని ఏంటో చూడాలి, లేకపోతే ఎవరికి ఎందుకు ఎంతిస్తున్నారో అర్థం కాదు.

రైళ్ళు తిరుగుతూ ఉంటే స్లీపర్ల కింద కంకర నలిగిపోయి పక్కకి జరిగిపోతుంది, పట్టా అక్కడక్కడ దిగిపోతుంది. పాతకాలంలో దీన్ని గ్యాంగ్‌మన్లు బీటర్లతో కొట్టి సరిచేసేవాళ్ళు. సిమెంట్ స్లీపర్లు, అతుకుల్లేకుండా పొడవుగా వెల్డ్ చేసిన లాంగ్ వెల్డెడ్ పట్టాలు వచ్చాక మనిషి కొట్టే దెబ్బ చాలదు, అందుకే ట్యాంపింగ్ మెషిన్. ముందు రోజుల్లోనే స్టాఫ్ లైన్ కొలిచి, ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు లేపాలి, ఎటు జరపాలి అన్నది స్లీపర్ల మీదే అంకెలు రాసి పెడతారు. బ్లాక్, అంటే రైళ్ళు ఆపి పనికి ఇచ్చే టైము, దొరకగానే మెషిన్ స్టేషన్ సైడింగ్ నుంచి బయల్దేరుతుంది. ముందు క్యాబిన్‌లో ఒకరు కూర్చుని ఆ అంకెలు చూసి ఫీడ్ చేస్తుంటారు. వెనక క్యాబిన్‌లో ఇంకొకరు కాళ్ళ కింద పెడల్స్‌తో ట్యాంపింగ్ యూనిట్‌ని దించుతారు. క్లాంపులు పట్టాని పట్టి లేపుతాయి, టైన్లు అనే ఇనప వేళ్ళు కంకరలోకి దిగి సెకనుకి 35 సార్లు వణుకుతూ కంకరని స్లీపర్ కిందకి నొక్కుతాయి. సీఎస్ఎం 09-32 అనే మోడల్ అయితే ఒకసారికి రెండు స్లీపర్లు, టైన్లు 32. ట్యాంపింగ్ ఎక్స్‌ప్రెస్ అయితే మూడు స్లీపర్లు. పాత డుయోమాటిక్ మెషిన్‌లో అయితే ప్రతి దెబ్బకి బండి మొత్తం ఆగి కదిలేది, లోపల కూర్చున్నవాళ్ళకి రోజంతా కుదుపే. సీఎస్ఎంలో బండి ఆగకుండా పోతుంటే లోపలి చిన్న ఫ్రేమ్ ఒక్కటే ఆగుతూ కదులుతూ ఉంటుంది, నడుముకి ఆ మాత్రం ఊరట.

కిలోమీటరుకి సుమారు 1,660 స్లీపర్లు ఉంటాయి. అంటే రెండేసి చొప్పున 830 సార్లు టైన్లు దిగి లేవాలి, ఒక్కటి తప్పుగా దిగినా స్లీపర్ పగలొచ్చు, కేబుల్ తెగొచ్చు. ఈలోపు రైళ్ళ రాకపోకలు చూసే కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోన్లు, వెనక గూడ్స్ ఆగి ఉంది ఎప్పుడు క్లియర్ చేస్తారని. మూడు గంటలు అడిగితే రెండే ఇవ్వడం, ఇచ్చిన రెండులో మెషిన్ రావడానికి పోవడానికి కొంత పోవడం మామూలే. ఎండాకాలం ఇంకో తలనొప్పి, లాంగ్ వెల్డెడ్ పట్టాల మీద డీస్ట్రెస్సింగ్ (పట్టాలోని ఒత్తిడి తీసి మళ్ళీ బిగించడం) చేసినప్పటి వేడికంటే 10 డిగ్రీలు దాటితే కంకర కదిపే పని చెయ్యకూడదు, పట్టా మెలి తిరిగిపోయే ప్రమాదం. అందుకని మే నెలలో పని తెల్లవారుజాముకో రాత్రికో మారుతుంది.

బండి కింద, పక్కన తిరిగేవాళ్ళు వేరే. అరిగిన టైన్లు మార్చడం, హైడ్రాలిక్ హోస్ పగిలితే ఆయిల్‌లో తడిసి కొత్తది బిగించడం, గ్రీజు, డీజిల్, పక్క లైన్‌లో రైలొస్తుందేమో చూసి విజిల్ ఊదడం. ట్యాంపింగ్ ఒక్కటే కాదు, కంకరని తవ్వి జల్లించే బీసీఎం, పాయింట్లు (లైన్లు చీలే చోట ఉండే పట్టాలు) మార్చే టీ-28, పాయింట్ల దగ్గర ట్యాంపింగ్‌కి యునిమాట్, కంకర సర్దే రెగ్యులేటర్, పని అయ్యాక ట్రాక్‌ని కుదురుగా కూర్చోబెట్టే డీజీఎస్... ఇలా చాలా రకాలు. ఇందులో ఎక్కువ భాగం ఆస్ట్రియా కంపెనీ ప్లాసర్ డిజైన్లే, ఆ కంపెనీ ఇండియా ఫ్యాక్టరీ ఫరీదాబాద్‌లో 1960ల నుంచే ఉంది.

లోపలికి మూడు తలుపులు

మొదటిది అసిస్టెంట్, ట్రాక్ మెషిన్. ఇది లెవెల్ 1, జనం గ్రూప్ డి అనేది ఇదే. టెన్త్ గాని ఐటీఐ గాని చాలు. 2025 మొదట్లో అప్లికేషన్లు తీసుకున్న 08/2024 నోటిఫికేషన్ చూస్తే మొత్తం 32,438 పోస్టుల్లో ట్రాక్ మెయింటెయినర్ గ్రేడ్ 4 పోస్టులే 13,187, అసిస్టెంట్ ట్రాక్ మెషిన్ మాత్రం 799. దేశం మొత్తానికి. అంటే ఒక మెషిన్ పోస్టుకి పదహారు పైచిలుకు గ్యాంగు పోస్టులు. మెషిన్ మీద పని చెయ్యాలని గ్రూప్ డి రాసినవాళ్ళలో ఎక్కువమంది చివరికి చేరేది గ్యాంగులోనే అన్నమాట, ఇది ముందే తెలిసి రాస్తే తర్వాత నిరాశ ఉండదు.

పరీక్ష 90 నిమిషాలు, 100 ప్రశ్నలు, తప్పుకి మూడో వంతు మార్కు కోత, పేపర్ తెలుగులోనూ ఉంటుంది. తర్వాత ఫిజికల్, మగవాళ్ళు 35 కేజీల బరువుతో 100 మీటర్లు 2 నిమిషాల్లో, 1,000 మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో. ఆడవాళ్ళకి 20 కేజీలు, పరుగు 5 నిమిషాల 40 సెకన్లు. ఆర్మీ సెలక్షన్ కోసం పొద్దున్నే కాలేజీ గ్రౌండ్లలో పరిగెత్తే మన జిల్లాల కుర్రాళ్ళకి ఇది పెద్ద అడ్డు కాదు, చాలామందిని ఆపేది రాత పరీక్షా, ఆ తర్వాత మెడికల్‌లో కంటి చూపూ. ఇంకో సంగతి, లెవెల్ 1లో మాజీ సైనికులకి 20 శాతం, రైల్వే యూనిట్లలో యాక్ట్ అప్రెంటిస్ (అప్రెంటిస్ చట్టం కింద శిక్షణ) పూర్తి చేసినవాళ్ళకి 20 శాతం, నాలుగేళ్ళ తర్వాత బయటికొచ్చే అగ్నివీరులకి 10 శాతం ఉంది. ఇంటికొక జవాను అన్నట్టుండే శ్రీకాకుళం ఊళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

రెండో తలుపు టెక్నీషియన్ గ్రేడ్ 3, లెవెల్ 2. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్, వెల్డర్ లాంటి ఐటీఐ ట్రేడ్లు కావాలి. మెషిన్ రిపేరు వీళ్ళ పని, అవసరాన్ని బట్టి నడిపేవాళ్ళూ ఉంటారు.

మూడోది జేఈ, ట్రాక్ మెషిన్. లెవెల్ 6. మెకానికల్, ఆటోమొబైల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ లాంటి బ్రాంచిల్లో డిప్లొమా ఉండాలి, బీటెక్ వాళ్ళూ రాయొచ్చు. రెండు దశల పరీక్ష. సెలెక్ట్ అయినవాళ్ళు ప్రయాగ్‌రాజ్‌లోని ట్రాక్ మెషిన్ ట్రైనింగ్ సెంటర్‌లో నేర్చుకుంటారు. మామూలుగా క్యాబిన్‌లో కూర్చుని ఆపరేట్ చేసేది, మెషిన్ బాధ్యత సంతకం పెట్టి తీసుకునేది ఈ జేఈ, ఎస్ఎస్ఈలే. అంటే పొక్లెయిన్ లెక్కలో అందరూ ఊహించుకునే ఆపరేటర్ సీటు రైల్వేలో ఇంజనీరింగ్ సూపర్‌వైజర్ సీటు. అసలు కన్ఫ్యూజన్ మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

జీతం లెక్క కాగితం మీద

7వ పే కమిషన్ బేసిక్‌లు, 2025 జూలై నుంచి వర్తించిన 58 శాతం డీఏ (కరువు భత్యం) తీసుకుని లెక్క వేద్దాం. విజయనగరం, శ్రీకాకుళం రెండూ హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) లెక్కలో జెడ్ క్లాసు, అంటే 10 శాతం. విశాఖ అయితే వై క్లాసు, 20 శాతం.

అసిస్టెంట్‌కి బేసిక్ 18,000, డీఏ 10,440, హెచ్ఆర్ఏ 1,800, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ 900, దాని మీద డీఏ 522. మొత్తం 31,662. పెన్షన్ స్కీముకి బేసిక్, డీఏ మీద 10 శాతం అంటే 2,844 పోతుంది, ప్రొఫెషనల్ టాక్స్ 200 పోతుంది, ఇన్సూరెన్స్ లాంటి చిన్నచిన్నవి తీస్తే చేతికి 28,500 దగ్గర. క్వార్టర్ తీసుకుంటే హెచ్ఆర్ఏ రాదు.

టెక్నీషియన్ గ్రేడ్ 3కి బేసిక్ 19,900, ఇదే పద్ధతిలో మొత్తం 34,854. అసిస్టెంట్‌తో తేడా 3,192 రూపాయలే, రెండేళ్ళ ఐటీఐకి దొరికే అదనం మొదట్లో ఇంతే.

జేఈకి బేసిక్ 35,400, డీఏ 20,532, హెచ్ఆర్ఏ 3,540, ట్రాన్స్‌పోర్ట్ డీఏతో కలిపి 2,844, మొత్తం 62,316. ఎస్ఎస్ఈకి బేసిక్ 44,900 మీద 78,276.

ఇప్పుడు టీఏ. హెడ్‌క్వార్టర్స్ నుంచి 8 కిలోమీటర్లు దాటి డ్యూటీ మీద పోతే డైలీ అలవెన్స్ వస్తుంది, 12 గంటలు దాటితే పూర్తిగా, 6 నుంచి 12 గంటలైతే 70 శాతం, అంతకంటే తక్కువైతే 30 శాతం. డీఏ 50 శాతం తాకాక 25 శాతం పెరిగిన రేట్ల ప్రకారం లెవెల్ 5 దాకా రోజుకి 625, లెవెల్ 6 నుంచి 8 దాకా 1,000. నెలలో 20 రోజులు పూర్తి రేటు పడితే అసిస్టెంట్‌కి 12,500, జేఈకి, ఎస్ఎస్ఈకి 20,000. ఎస్ఎస్ఈ 78,276కి ఈ 20,000 కలపండి, 98,276. లక్ష జీతం వీడియోల ముడిసరుకు ఇదే. కొత్తగా గ్రూప్ డి రాసే కుర్రాడికి చూపించే అంకె ఇరవై ఏళ్ళ సర్వీసు వాళ్ళదో, నేరుగా ఎస్ఎస్ఈ అయినవాళ్ళదో అయి ఉంటుంది, అది కూడా నెలంతా బయట తిరిగితే.

టీఏ జీతం కాదు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. దాంతో బయట తిండి తినాలి, దాని మీద పెన్షన్ పెరగదు, మెషిన్ షెడ్డులో ఓవర్‌హాలింగ్‌లో ఉన్న నెల రాదు. జర్నల్ రాసి సంతకాలు పెట్టించి పంపాక ఎప్పుడు పడుతుందన్నది ఇంకో కథ.

నైట్ డ్యూటీ అలవెన్స్‌ది విచిత్రమైన లెక్క. 2020లో దానికి బేసిక్ 43,600 సీలింగ్ పెట్టారు. జేఈ 35,400తో మొదలై ఏడు ఇంక్రిమెంట్లకి సరిగ్గా 43,600కి వస్తారు, ఎనిమిదోది పడితే 44,900, అంటే ఆ సీలింగ్ ప్రకారం అలవెన్స్ కట్. ఎస్ఎస్ఈ బేసిక్ మొదలే 44,900. రాత్రి బ్లాకులు మాత్రం బేసిక్ చూసి రావు. యూనియన్లు దీని మీద ఎందుకు గొడవ చేస్తాయో దీన్ని బట్టి తెలుస్తుంది.

పోలిక కోసం ట్రాక్ మెయింటెయినర్‌ని చూస్తే, బేసిక్ అదే 18,000, కాని రిస్క్ అండ్ హార్డ్‌షిప్ అలవెన్స్ కింద 7వ పే కమిషన్ తర్వాత నెలకి 2,700 పెట్టారు, డీఏ 50 శాతం దాటాక అది 3,375 అయింది. ఇంటికి దగ్గర సెక్షన్ దొరికితే రాత్రికి ఇంట్లో అన్నం తినొచ్చు. మెషిన్ అసిస్టెంట్‌కి టీఏ వస్తుంది గాని క్యాంప్ కోచ్‌లో పడుకోవాలి. చేతికొచ్చే డబ్బులో తేడా కనిపించినంత పెద్దగా మిగలదు, మిగిలేది ఒళ్ళు హూనమయ్యే పని ఏది తక్కువ అన్న తేడా. ఇద్దరికీ ఏడాదికోసారి దసరా ముందు బోనస్ ఉంటుంది, 2025లో 78 రోజులకి గరిష్ఠంగా 17,951.

పదేళ్ళ తర్వాత ఎవరెక్కడ

లెవెల్ 1లో చేరినవాళ్ళ బేసిక్ పది ఇంక్రిమెంట్లకి 24,200 అవుతుంది. జేఈగా చేరినవాళ్ళది 47,600. మొదటి రోజు ఇద్దరి మధ్య తేడా 17,400, పదేళ్ళకి 23,400. ఇంక్రిమెంట్ శాతంలో ఉంటుంది కాబట్టి పెద్ద బేసిక్ పెద్దగా పెరుగుతుంది, తేడా దానంతటదే తగ్గే మార్గం లేదు. ప్రమోషన్ వస్తే తప్ప.

ప్రమోషన్ లైను ఇలా ఉంటుంది, అసిస్టెంట్ నుంచి టెక్నీషియన్ 3, తర్వాత గ్రేడ్ 2 లెవెల్ 4, గ్రేడ్ 1 లెవెల్ 5, సీనియర్ టెక్నీషియన్ లెవెల్ 6. ఆ లెవెల్ 6 బేసిక్ 35,400తో మొదలవుతుంది, అంటే డిప్లొమా కుర్రాడు చేరిన రోజు నిలబడే మెట్టు. మధ్యలో డిపార్ట్‌మెంట్ పరీక్షలు రాసి జేఈ కోటాలోకి దూకే దారి ఉంది, దాన్ని పట్టినవాళ్ళు బాగుపడ్డారు. పట్టనివాళ్ళకి ఎంఏసీపీ (ప్రమోషన్ రాకపోయినా లెవెల్ పెంచే స్కీము) కింద 10, 20, 30 ఏళ్ళకి ఒక్కో లెవెల్ పెరుగుతుంది, అది భరోసాయే గాని ఎదుగుదల అనలేం. ట్రాక్ మెయింటెయినర్లకీ గ్రేడ్ 4 నుంచి 1 దాకా లెవెల్ 1, 2, 4, 5 మెట్లు ఉన్నాయి, పైకెళ్తే కీమన్ (పట్టా వెంట నడిచి చూసేవాడు), మేట్ (గ్యాంగు పెద్ద) బాధ్యతలు.

8వ పే కమిషన్ మీద ఆశ అందరికీ ఉంది. దాని టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్‌ని (పని పరిధిని) కేబినెట్ 2025 అక్టోబర్ 28న ఆమోదించింది, రిపోర్టుకి 18 నెలల గడువు. ఫిట్‌మెంట్ (పాత బేసిక్‌ని ఎన్ని రెట్లు చేస్తారన్నది) ఇంత అంత అని తిరిగే టేబుల్స్ ఊహలే, వాటిని చూసి అప్పు చేసి బండి కొనడం తొందరపాటు.

కొత్త జోన్ వస్తే క్యాంపు ఎక్కడ పడుతుంది

మన జిల్లాల వరకు పెద్ద మార్పు ఇదే, దీని మీద చర్చ మాత్రం తక్కువ. ట్రాక్ మెషిన్ విభాగం జోన్ స్థాయిలో నడుస్తుంది, గ్యాంగు లాగా ఒక సెక్షన్‌కి కట్టుబడి ఉండదు. వాల్తేరు డివిజన్ ఈస్ట్ కోస్ట్ రైల్వే కింద ఉన్నన్నాళ్ళూ విజయనగరం కుర్రాడు మెషిన్ మీద చేరితే క్యాంపు ఖుర్దా రోడ్ వైపో సంబల్‌పూర్ వైపో పడేది. పరీక్షకి భువనేశ్వర్ ఆర్ఆర్‌బీకి (రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డుకి) పెట్టాలా సికింద్రాబాద్‌కి పెట్టాలా అన్న మీమాంస కూడా అందుకే, ఒక్క ఆర్ఆర్‌బీకే అప్లై చెయ్యనిస్తారు కాబట్టి.

సౌత్ కోస్ట్ రైల్వే జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరి 27న వచ్చింది, విశాఖలో హెడ్‌క్వార్టర్స్‌కి శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. తర్వాతి నెలలో కేబినెట్ వాల్తేరుని రెండుగా చీల్చడాన్ని ఆమోదించింది. సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్‌గా కొత్త జోన్‌లోకి, అందులో పలాస, విశాఖ, దువ్వాడ లైను, కూనేరు, విజయనగరం లైను, నౌపడ నుంచి పర్లాకిమిడి, బొబ్బిలి నుంచి సాలూరు ఉన్నాయి. సుమారు 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్‌గా ఈస్ట్ కోస్ట్‌లోనే. పలాస దాటి ఇచ్ఛాపురం వైపు ముక్క ఖుర్దా రోడ్ డివిజన్‌ది, సోంపేట వాళ్ళకి ఆ గొడవ వేరే.

కొత్త జోన్ లెక్కలో మెషిన్ మనిషి తిరిగే పటం మారుతుంది, విశాఖ, విజయవాడ, గుంటూరు, గుంతకల్. భాష సమస్య తగ్గుతుంది. కాని దూరం తగ్గిందా అంటే లేదు, ఆమదాలవలస నుంచి సంబల్‌పూర్ కంటే గుంతకల్ ఇంకా దూరం. జోన్ మనదైతే ఇంటి దగ్గర పోస్టింగ్ అనుకునేవాళ్ళు ఈ ఒక్క విభాగంలో మాత్రం పటం దగ్గర పెట్టుకుని చూడాలి.

పని పెరుగుతోంది, మనుషులు?

దేశంలో ట్రాక్ మెషిన్లు 2014 నాటితో పోలిస్తే రెండింతలు దాటాయి. మన లైన్లలో కారణాలు కళ్ళ ముందే ఉన్నాయి. విశాఖ-భువనేశ్వర్ వందే భారత్, విశాఖ-దుర్గ్ వందే భారత్ రెండూ 2024లో మొదలయ్యాయి, రెండూ విజయనగరం మీదుగానే. స్పీడు పెరిగేకొద్దీ పట్టా మిల్లీమీటర్లలో సరిగ్గా ఉండాలి. విజయనగరం-టిట్లాగఢ్ మూడో లైను, భద్రక్-విజయనగరం మూడో లైను పనులు చేతిలో ఉన్నాయి, లైను పెరిగితే దాని కింద కంకరా పెరుగుతుంది. కంకరని కనీసం పదేళ్ళకోసారి పూర్తిగా తవ్వి జల్లించాలన్నది రూలు. పైగా ఇటువైపు తుఫాన్లు, 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు విజయనగరం, ఖుర్దా రోడ్ మధ్య రైళ్ళే ఆగిపోయాయి.

అయితే మెషిన్ పెరిగినంతగా ఉద్యోగాలు పెరగవు, మెషిన్ తెచ్చేదే తక్కువమందితో పని అవ్వడానికి. మూడేసి స్లీపర్లు కొట్టే బండి వస్తే రెండేసి కొట్టే బండి సిబ్బందితోనే ఎక్కువ కిలోమీటర్లు అవుతాయి. అడ్డం పడేది మళ్ళీ బ్లాకే, రైళ్ళు ఎక్కువైతే ఖాళీ తక్కువ, ఖాళీ తక్కువైతే కోట్ల రూపాయల మెషిన్ సైడింగ్‌లో నిలబడి ఉంటుంది, సిబ్బంది కోచ్‌లో వంట చేసుకుంటూ కూర్చుంటారు. మూడో లైను పూర్తయితే మాత్రం బ్లాకులు తేలికవుతాయి.

ప్రైవేటు సైడు

రైల్ గ్రైండింగ్, కొత్త లైన్ల నిర్మాణం, మెషిన్ల సర్వీసు కాంట్రాక్టులు ప్రైవేటు కంపెనీలు చేస్తాయి. ఇక్కడ ఆపరేటర్ అన్న పేరు నిజంగానే ఉంటుంది, పొక్లెయిన్ లెక్కే నడుస్తుంది, పనితనం చూసి రేటు, ప్రాజెక్టు అయిపోతే ఇంకో రాష్ట్రం. రైల్వేలో రిటైరైన ఎస్ఎస్ఈలకి ఇక్కడ గిరాకీ. కొత్త కుర్రాళ్ళు చేరేముందు అడగాల్సినవి జీతం ఒక్కటే కాదు, పీఎఫ్ కడుతున్నారా, కడితే ఎంత మీద కడుతున్నారు, జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ ఉందా, బత్తా విడిగానా జీతంలోనా. సబ్ కాంట్రాక్టర్ కింద సబ్ కాంట్రాక్టర్ ఉన్నచోట ఈ ప్రశ్నలకి జవాబు రాకపోవడమే ఒక జవాబు. రైల్వే పర్మినెంట్ పోస్టే ఇప్పిస్తామని డబ్బులు తీసుకునే బ్రోకర్ల సంగతి వేరు, నియామకం ఆర్ఆర్‌బీ, ఆర్ఆర్‌సీ (రైల్వే రిక్రూట్‌మెంట్ సెల్) నోటిఫికేషన్ మీద తప్ప జరగదు.

ఐటీఐ చేతిలో ఉన్న కుర్రాడి లెక్క

ఇరవై ఏళ్ళకి ఫిట్టర్ పాసై ఖాళీగా ఉన్న కుర్రాడి ముందు రెండు దారులు. టెక్నీషియన్, లెవెల్ 1 రాసుకుంటూ పోవడం ఒకటి. ఐటీఐ మీద బ్రిడ్జ్ కోర్సు రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరడం రెండోది, శ్రీకాకుళంలో విజయనగరంలో గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. అలా రెండేళ్ళు చదివితే జేఈకి అర్హత. 19,900కి 35,400కి మధ్య బేసిక్ తేడా 15,500, డీఏ, అలవెన్సులతో కలిపితే నెలకి 27,462. ఏడాదికి మూడు లక్షల పైమాటే. ఈ రెండేళ్ళలో టెక్నీషియన్ పరీక్ష రాయడం మానాల్సిన పనీ లేదు, వయసు పరిమితి ముప్పై దాటే ఉంటుంది. కాకపోతే ఇంట్లో ఆ రెండేళ్ళు ఆగే పరిస్థితి ఉండాలి, చాలా ఇళ్ళలో లెక్క తప్పేది సరిగ్గా అక్కడే.